తాలూకా బోర్డు నుంచి ప్రధాని కుర్చీ దాకా: దేవెగౌడ ఎక్కిన మెట్లు, వాటి వెనక రూల్సు

#1 మల్లేశ్వరం మూర్తి
బెంగళూరులో ఉండే తెలుగువాళ్లం కన్నడ పేపర్లలో 'మణ్ణిన మగ' అన్న మాట ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఆ మట్టిబిడ్డ అసలు ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు ఎక్కాడో అడిగితే మాత్రం చాలామంది 'ఎమ్మెల్యే, సీఎం, పీఎం' అని ఊరుకుంటారు. కింది మెట్ల సంగతి, ఒక్కో మెట్టు దగ్గర పనిచేసిన చట్టం, ఇప్పుడైతే ఆ దారి ఎక్కడ మూసుకుపోయింది, ఇవి తెలిసినవాళ్లు రాయండి. కొడుకుల గొడవలు, మనవళ్ల కేసులు వేరే థ్రెడ్‌లో పెట్టుకోండి.

#2 హాసన రోడ్డు
ముందు తేదీలు.

పుట్టింది 1933 మే 18, హాసన జిల్లా హొళెనరసీపుర తాలూకా హరదనహళ్లి. చదువు హాసన ఎల్.వి. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా. 1953లో కాంగ్రెస్‌లో చేరారు. మొదటి పదవి హొళెనరసీపుర ఆంజనేయ సహకార సంఘం అధ్యక్షుడు, ఆ తర్వాత తాలూకా డెవలప్‌మెంట్ బోర్డు సభ్యుడు. 1962లో కాంగ్రెస్ నుంచి బయటికొచ్చి ఇండిపెండెంట్‌గా హొళెనరసీపుర నుంచి అసెంబ్లీకి గెలిచారు. అక్కడినుంచి వరసగా ఆరుసార్లు అదే సీటు. కాంగ్రెస్ చీలినప్పుడు సంస్థా కాంగ్రెస్ (ఇందిరకి ఎదురు నిలిచిన వర్గం) వైపు చేరారు. 1972 నుంచి ప్రతిపక్ష నేత. ఎమర్జెన్సీలో బెంగళూరు సెంట్రల్ జైలు. 1983లో రామకృష్ణ హెగ్డే సర్కారులో పబ్లిక్ వర్క్స్, నీటిపారుదల మంత్రి. 1991లో హాసన ఎంపీ. 1994 ఎన్నికల్లో జనతాదళ్‌కి 224లో 115 వచ్చాయి, రామనగర ఎమ్మెల్యేగా డిసెంబరు 11న ముఖ్యమంత్రి అయ్యారు. 1996 జూన్ 1న ప్రధాని. 1997 ఏప్రిల్ 21న దిగిపోయారు.

కాంగ్రెస్‌లో చేరినప్పటి నుంచి సౌత్ బ్లాక్‌లోని ప్రధాని ఆఫీసు దాకా నలభై ఏళ్ల పైచిలుకు. ప్రధానిగా చేసింది పదకొండు నెలలు కూడా నిండలేదు.

#3 జయనగర్ 4వ బ్లాక్
1989 వదిలేశారు. అదే హొళెనరసీపురలో ఆ ఏడాది ఓడిపోయారు. 'వరసగా ఆరుసార్లు' అని రాసి ఏడోసారి సంగతి మింగేస్తే చదివేవాళ్లకి ఏమీ అర్థం కాదు. ఆ ఓటమి వల్లే 1991లో లోక్‌సభ వైపు తిరిగారు. ఢిల్లీలో ముఖపరిచయాలు పెరిగింది ఎంపీగా ఉన్న ఆ మూడేళ్ల పైచిలుకులోనే.

#4 పాత పంచాయతీ
తాలూకా బోర్డు అంటే ఇప్పటి తాలూకా పంచాయతీ అనుకుంటే పప్పులో కాలేసినట్టే. అప్పట్లో ఉన్నది 1959 నాటి మైసూరు గ్రామ పంచాయతీలు, స్థానిక బోర్డుల చట్టం. కింద గ్రామ పంచాయతీ, మధ్యలో తాలూకా బోర్డు, పైన జిల్లా అభివృద్ధి మండలి. ఆ పైన ఉన్నది సలహా ఇవ్వడానికే, పెత్తనం డిప్యూటీ కమిషనర్‌ది. అంటే జనం నేరుగా ఓటేసి పంపే అతి పెద్ద స్థానిక సంస్థ తాలూకా బోర్డే. రోడ్డుకి మెటల్ ఎంత, ఏ చెరువు తూము ముందు బాగుచెయ్యాలి, ఏ ఊరి బడికి పైకప్పు, ఇవీ అక్కడి గొడవలు. సివిల్ డిప్లొమా ఉన్న సభ్యుడికి ఒక సౌకర్యం ఉంటుంది. ఓవర్సీర్ తెచ్చిన ఎస్టిమేట్ చదవగలడు. క్యూబిక్ మీటరు రేటు ఎక్కడ పెంచారో, కొలతల పుస్తకంలో ఎక్కడ దిద్దారో పట్టుకోగలడు. మిగతా సభ్యులు సంతకం పెట్టి కాఫీ తాగి వెళ్లిపోతారు.

సహకార సంఘం పదవిని కూడా తేలిగ్గా తీసెయ్యకండి. పంట అప్పు, ఎరువు బస్తా సంఘం ద్వారానే వస్తాయి. ఏ ఊళ్లో ఎవరికి ఎన్ని ఎకరాలు, ఎవరు బాకీ తీర్చారు, ఎవరు ఎగ్గొట్టారు, ఇవన్నీ సంఘం లెడ్జర్‌లో ఉంటాయి. ఎన్నికలప్పుడు అంతకన్నా నిక్కమైన ఓటర్ల లిస్టు ఇంకోటి ఉండదు. ఇండిపెండెంట్‌గా గెలవడానికి పనికొచ్చేవి ఇవే, పార్టీ జెండా కాదు.

#5 నియమావళి నాగభూషణం
పాత పంచాయతీ గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. జనం దీన్ని నిచ్చెన అంటారు గానీ నిచ్చెన కాదిది. ఒక్కో మెట్టు దగ్గర ఓటేసేవాడే మారిపోతాడు. తాలూకా బోర్డుకి ఊరివాడు. అసెంబ్లీకి ఊరివాడితో పాటు పార్టీలో బీ ఫారం ఇచ్చేవాడు. ముఖ్యమంత్రి పదవికి సొంత పార్టీ ఎమ్మెల్యేలు. 1996లో ప్రధాని పదవికి యునైటెడ్ ఫ్రంట్ కూటమిలోని పదమూడు పార్టీల నాయకులు. వి.పి. సింగ్ వద్దన్నారు, జ్యోతి బసుని ఆయన పార్టీయే వద్దంది, ఆ తర్వాత ఈయన దగ్గర ఆగింది. కర్ణాటకలో 28కి 16 లోక్‌సభ సీట్లు తెచ్చారు, మొత్తం జనతాదళ్‌కి వచ్చినవే 46. ఆ 16 లేకపోతే ఆ గదిలో ఆయన పేరు ఎత్తేవాడే లేడు. తాలూకా బోర్డులో నేర్చింది కుర్చీ దొరికాక పనికొస్తుంది. కుర్చీ దొరకడానికి వేరే విద్య కావాలి.

#6 కోరమంగళ కుర్రాడు
అన్నా, ఆయన అప్పుడు ఎంపీ కదా? హాసన ఎంపీ హోదాలోనే ప్రధాని అయ్యారనుకున్నా.

#7 నియమావళి నాగభూషణం
కాదు తమ్ముడూ. 1996 జూన్ 1న ఆయన ఏ సభలోనూ ఎంపీ కాదు. రామనగర ఎమ్మెల్యే. 75(5) అధికరణ ప్రకారం సభ్యుడు కానివాడు కూడా మంత్రి కావచ్చు, కానీ ఆరు నెలల్లో ఏదో ఒక సభకి ఎన్నిక కావాలి. 'మంత్రికైతే సరే, ప్రధానికి ఎలా కుదురుతుంది' అని సుప్రీంకోర్టులో పిటిషన్ కూడా పడింది, ఎస్.పి. ఆనంద్ కేసు. ప్రధానికీ వర్తిస్తుందని కోర్టు తేల్చేసింది. ఆయన సెప్టెంబరులో కర్ణాటక నుంచి రాజ్యసభకి వెళ్లారు.

ఈ ఆరు నెలల సందు వాడుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. గడువు అయిపోయేసరికి రాజీనామా చేసి, తర్వాత మళ్లీ ప్రమాణం చేస్తే ఇంకో ఆరు నెలలు దొరుకుతాయని పంజాబ్‌లో ఒక మంత్రి విషయంలో ప్రయత్నించారు. 2001లో ఎస్.ఆర్. చౌధురి తీర్పుతో ఆ పప్పులుడకవని తేలింది. ఒక సభ కాలంలో సభ్యుడు కాకుండా ఆరు నెలలు ఒక్కసారే.

ఇక అసలు తమాషా. రాజ్యసభ సభ్యుడైన ప్రధాని లోక్‌సభలో కూర్చోవచ్చు, మాట్లాడొచ్చు, 88వ అధికరణ ఆ హక్కు ఇస్తుంది. ఓటు మాత్రం ఉండదు. 1997 ఏప్రిల్ 11న తన సొంత విశ్వాస తీర్మానం మీద ఆయన గంటల తరబడి కూర్చుని జవాబు చెప్పి, ఓటింగు వచ్చేసరికి మీట నొక్కే హక్కు లేక చూస్తూ ఉండాల్సిందే. అనుకూలం 158, వ్యతిరేకం 292. లోక్‌సభలో సభానాయకుడుగా ఉన్నది కూడా ఆయన కాదు, రామ్ విలాస్ పాశ్వాన్.

#8 కోరమంగళ కుర్రాడు
158కి 292 అంటే ఒక్క ఓటు ఏం చేస్తుందిలెండి.

#9 కృష్ణా ఎగువ
ప్రధానిగా ఆయన ఏం చేశారో చూస్తే నీటిపారుదల మంత్రి ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది. 1996 డిసెంబరు 12న బంగ్లాదేశ్‌తో గంగా జలాల ఒప్పందం, ముప్పై ఏళ్లకి. ఫరక్కా దగ్గర ఎండాకాలం నీళ్లని పది పది రోజుల లెక్కన పంచుకునే పట్టిక అది. అదే ఏడాది, సగంలో ఆగిన ప్రాజెక్టులకి కేంద్రం అప్పిచ్చే సత్వర సాగునీటి ప్రయోజన పథకం మొదలైంది. కాలువ 80 శాతం తవ్వి డబ్బు లేక వదిలేస్తే ఒక్క ఎకరా కూడా తడవదు, పెట్టిన పెట్టుబడికి వడ్డీ మాత్రం పెరుగుతూ ఉంటుంది. కింది నుంచి వచ్చినవాడికి ఈ బాధ తెలుసు.

మనవాళ్లకి నొప్పి పుట్టించింది కృష్ణా మీది ఆలమట్టి డ్యాం. ఒకపక్క యునైటెడ్ ఫ్రంట్ కన్వీనర్ చంద్రబాబు, పక్క కుర్చీలో ఆలమట్టి ఎత్తు పెంచాలన్న రాష్ట్రం నుంచి వచ్చిన ప్రధాని. 524 మీటర్లు కావాలని వాళ్లు, వద్దని మనం. 2000లో సుప్రీంకోర్టు 519.6 మీటర్ల దాకా ఒప్పుకుంది, 2010లో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 524.256 ఇచ్చింది. ఆయన ప్రధానిగా ఉన్నప్పుడు తేల్చలేకపోవడానికి కారణం సులువే. ఏ వైపు తేల్చినా సర్కారు ఆ సాయంత్రమే కూలేది.

#10 వార్డు నంబరు లేదు
సరే, ఇప్పటి బెంగళూరుకి రండి. ఈ నగరంలో వార్డు నుంచి మొదలుపెట్టాలనుకునేవాడికి మొదటి చిక్కు, వార్డు ఎన్నికే టైముకి జరగదు. బీబీఎంపీకి, అంటే బృహత్ బెంగళూరు మహానగర పాలికకి, ఆఖరి ఎన్నిక 2015 ఆగస్టు, 198 వార్డులు. కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరు 10తో అయిపోయింది. గడువు ముగిసేలోపే ఎన్నిక జరపాలని 243యు అధికరణ చెబుతోంది, 2006లో కిషన్ సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. అయినా ఆగింది. ముందు వార్డుల హద్దులు మార్చాలన్నారు. హద్దులు మారితే రిజర్వేషన్ లిస్టు కొత్తగా వెయ్యాలి. అది వేస్తే బీసీ కోటాకి సుప్రీంకోర్టు పెట్టిన మూడు పరీక్షలు నెగ్గలేదని కోర్టుకి వెళ్తారు. కోర్టు నుంచి వచ్చేసరికి జనాభా లెక్కలు పాతబడ్డాయంటారు, మళ్లీ హద్దులు. తర్వాత గ్రేటర్ బెంగళూరు చట్టం 2025 మే 15న అమల్లోకి వచ్చింది, ఆ సెప్టెంబరులో ఒక పాలిక అయిదయ్యింది. ఊరి బయట కూడా ఇదే కథ. కర్ణాటక జిల్లా, తాలూకా పంచాయతీల గడువు 2021లో అయిపోయింది.

ఎమ్మెల్యేలకి ఇందులో బాధేమీ లేదు. కార్పొరేటర్ లేకపోతే డ్రైనేజీ మూత దాకా ఎమ్మెల్యే ఆఫీసుకే రావాలి. రేపు తన టిక్కెట్టుకి పోటీ వచ్చేవాడు వార్డులోనే పుడతాడని ఎమ్మెల్యేకి తెలియదా?

రెండో చిక్కు రొటేషన్. అయిదేళ్లు గల్లీగల్లీ తిరిగి పేరు తెచ్చుకున్నాక వార్డు మహిళకో బీసీకో వెళ్లిపోతుంది. రిజర్వేషన్ తప్పని కాదు, రాష్ట్రంలో నగర సంస్థల్లో సగం సీట్లు మహిళలవి, ఉండాల్సిందే. కానీ మనవాళ్లు చేసేది ఏంటంటే భార్యని నిలబెట్టి, సమావేశానికి తాము వెళ్లి వెనక కుర్చీలో కూర్చోవడం. అలా గెలిచినావిడకి ఫైలు చదివే అలవాటూ రాదు, ఆయనకి సభలో మాట్లాడే అలవాటూ రాదు.

మూడోది మేయర్ లెక్క. 2015లో బీజేపీ 100, కాంగ్రెస్ 76, దేవెగౌడ పార్టీ జేడీఎస్ 14, ఇతరులు 8. వంద వచ్చినవాడు మేయర్ కాలేదు. మేయర్ ఎన్నికలో నగరం ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలకి కూడా ఓటుంది. కాంగ్రెస్, జేడీఎస్ కలిసి పీఠం ఎక్కాయి. పదవీకాలం అప్పుడు ఏడాది. ఒక ఏడాదిలో మేయర్‌కి బడ్జెట్ పుస్తకం అర్థమయ్యేలోపు గౌను తిరిగి ఇచ్చెయ్యాలి. చెన్నైలో మేయర్‌కి అయిదేళ్లు, తేడా అక్కడే వస్తుంది.

#11 జయనగర్ 4వ బ్లాక్
వార్డు నుంచి ఢిల్లీ దాకా ఎవరూ వెళ్లట్లేదనడం తప్పు. బండి సంజయ్ 2005లో కరీంనగర్ మున్సిపల్ కార్పొరేషన్ కార్పొరేటర్. 2014, 2018ల్లో అసెంబ్లీకి ఓడారు. 2019లో లోక్‌సభ గెలిచారు, 2020లో రాష్ట్ర పార్టీ అధ్యక్షుడు, 2024 జూన్‌లో హోం శాఖ సహాయమంత్రి. ద్రౌపది ముర్ము 1997లో రాయ్‌రంగ్‌పూర్ నగర పంచాయతీ కౌన్సిలర్, 2000లో ఎమ్మెల్యే, 2009లో మయూర్‌భంజ్ లోక్‌సభకి ఓటమి, 2015లో జార్ఖండ్ గవర్నర్, 2022లో రాష్ట్రపతి. ఇద్దరి దారిలోనూ మధ్యలో ఓటమి ఉంది, ఇద్దరినీ ఓడాక పార్టీ మొయ్యడం ఉంది. దేవెగౌడకి 1962లో మొయ్యడానికి ఏ పార్టీ లేదు.

#12 తొరపల్లి
అసలైన పాత ఉదాహరణ మన పక్కనే ఉంది. రాజాజీ. పుట్టింది హోసూరు దగ్గర తొరపల్లి, చదివింది బెంగళూరు సెంట్రల్ కాలేజీలో. 1917 నుంచి సేలం మున్సిపాలిటీ చైర్మన్, 1937లో మద్రాసు ప్రధాని (ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే అనేవారు), 1948లో గవర్నర్ జనరల్. పటేల్ అహ్మదాబాద్ మున్సిపాలిటీ, నెహ్రూ అలహాబాద్ మున్సిపాలిటీ, రాజేంద్ర ప్రసాద్ పట్నా మున్సిపాలిటీ. అప్పట్లో అందరూ నల్లా, మురుగు, పన్ను చూసి వచ్చినవాళ్లే.

#13 హాసన రోడ్డు
రాజాజీ పేరెత్తితే పొట్టి శ్రీరాములు గారు, 1952 డిసెంబరు 15 వస్తారు, ఆ తర్వాత ఈ థ్రెడ్ మద్రాసు మనదే దగ్గరికి పోతుంది. దయచేసి ఆపండి.

#14 కోరమంగళ కుర్రాడు
బీ ఫారం అన్నారు. నామినేషన్ ఆచరణలో ఎలా ఉంటుందో, ఎక్కడ కొంప మునుగుతుందో ఎవరైనా రాస్తారా?

#15 ఏజెంటు కాగితాలు
అసెంబ్లీకి ఫారం 2బీ, లోక్‌సభకి 2ఏ. ఒక్కొక్కరు నాలుగు సెట్లదాకా వెయ్యొచ్చు, నాలుగూ వెయ్యండి. గుర్తింపు పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రపోజర్ (పేరు ప్రతిపాదించేవాడు) చాలు, ఇండిపెండెంట్‌కి పదిమంది. ప్రపోజర్లు ఆ నియోజకవర్గం ఓటర్లే అయ్యుండాలి, ఒక్కరి పార్టు నంబరు, క్రమసంఖ్య తప్పినా తలనొప్పే. డిపాజిట్ లోక్‌సభకి 25,000, అసెంబ్లీకి 10,000, ఎస్సీ ఎస్టీలకి సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతుకి మించి రాకపోతే ఓడినవాడి డిపాజిట్ గల్లంతు.

వేళ ఉదయం 11 నుంచి 3. ఏ, బీ ఫారాలు ఆఖరి రోజు 3 గంటలలోపు రిటర్నింగ్ ఆఫీసర్ చేతిలో పడాలి. వాటి మీద సంతకం సిరాతో ఉండాలి, జిరాక్సు, ఫ్యాక్సు, రబ్బరు స్టాంపు సంతకం చెల్లవు. రాజధాని నుంచి కారులో బీ ఫారం వస్తోందని 2:40కి కూడా గుమ్మంలో నిలబడే అభ్యర్థి ప్రతి ఎన్నికలోనూ ఉంటాడు. ఓటు ఇంకో నియోజకవర్గంలో ఉంటే అక్కడి ఓటర్ల జాబితా సర్టిఫైడ్ కాపీ జతచెయ్యాలి. ఆస్తులు, కేసులు రాసే ఫారం 26 అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలొద్దు. ఏమీ లేకపోతే 'లేదు' అని రాయాలి. నోటీసిచ్చాక కూడా నింపకపోతే తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రమాణం మర్చిపోయేవాళ్లు ఇంకో రకం. కాగితాలిచ్చి ఫొటో దిగి వెళ్లిపోతారు. స్క్రూటినీ (నామినేషన్ల పరిశీలన) ముందురోజులోపు ప్రమాణం చెయ్యకపోతే నామినేషన్ పోయినట్టే.

ఖర్చు రిజిస్టరు సంగతి ఎవరూ చెప్పరు. నామినేషన్‌కి కనీసం ఒకరోజు ముందు ఎన్నికల కోసమే విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. రిజిస్టరులో మూడు రంగుల పేజీలుంటాయి. తెల్లవి రోజువారీ ఖర్చు, గులాబీవి నగదు, పసుపువి బ్యాంకు. ఒక టీ బిల్లు తెల్ల పేజీలో ఎక్కితే, డబ్బు ఎటు నుంచి పోయిందో గులాబీలోనో పసుపులోనో దొరకాలి. ఒకరికి నగదు 10,000 దాటకూడదు. ప్రచారంలో మూడుసార్లు తనిఖీ ఉంటుంది. పరిశీలకుడి మనుషులు వీడియో తీసి కుర్చీలు, షామియానా, కార్లు లెక్కపెట్టి వాళ్ల నీడ రిజిస్టరులో రాసుకుంటారు. మనం 200 కుర్చీలని రాస్తే వాళ్ల వీడియోలో 900 ఉంటాయి, ఆ తేడాకి నోటీసు వస్తుంది. పెద్ద నాయకుడి సభ పార్టీ ఖర్చేలే అని ధీమాగా ఉండి అభ్యర్థి ఉత్సాహంగా వేదికెక్కి చెయ్యి ఊపుతాడు. ఎక్కాడంటే వాటా వాడి ఖాతాలో పడుతుంది. 2022లో పెంచిన పరిమితి కర్ణాటకలాంటి రాష్ట్రాల్లో లోక్‌సభకి 95 లక్షలు, అసెంబ్లీకి 40 లక్షలు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క ఇవ్వాలి. ఓడినవాడు దుప్పటి కప్పుకుని పడుకుంటాడు, లెక్క ఇవ్వడు, మూడేళ్లు అనర్హుడౌతాడు. వార్డు స్థాయి కుర్రాళ్లు ఎక్కువగా పోయేది ఇక్కడే.

#16 మల్లేశ్వరం మూర్తి
బంగారంలాంటి పోస్టు సార్. ఒక్క సందేహం. దేవెగౌడ 2020లో మళ్లీ రాజ్యసభకి వెళ్లారు. జేడీఎస్‌కి అప్పుడు అంతమంది ఎమ్మెల్యేలు లేరు కదా?

#17 నియమావళి నాగభూషణం
లేరు. సూత్రం ఏంటంటే, ఓట్లని ఖాళీలకి ఒకటి కలిపి భాగించి, వచ్చినదానికి ఒకటి కలపాలి. నాలుగు ఖాళీలకి 224ని 5తో భాగిస్తే 44.8, అంటే 45 మంది ఉండాలి. జేడీఎస్ దగ్గర 34. కాంగ్రెస్ తన దగ్గర మిగిలిన ఓట్లు ఇటు వదిలేసింది, పోటీ లేకుండా ఎన్నికయ్యారు. అంతకుముందు ఏడాది తుమకూరులో లోక్‌సభకి ఓడి ఉన్నారు. 1996లో రాజ్యసభకి రహస్య ఓటింగు, ఆ రాష్ట్రంలో ఓటరై కూడా ఉండాలి. 2003 సవరణతో రెండూ పోయాయి. ఇప్పుడు ఎమ్మెల్యే తన పార్టీ ఏజెంటుకి ఓటు చూపించాలి. పొరపాటున పక్కవాడి ఏజెంటుకీ చూపిస్తే ఓటు చెల్లదు, 2017లో గుజరాత్‌లో రెండు ఓట్లు అలాగే పోయి ఫలితమే మారింది.

#18 కోరమంగళ కుర్రాడు
మరి 1996లో రాజ్యసభకి వెళ్లాక రామనగర ఎమ్మెల్యే సీటు?

#19 నియమావళి నాగభూషణం
రెండు చోట్లా ఉండకూడదు. గెజిట్‌లో పేరు వచ్చిన 14 రోజుల్లో అసెంబ్లీ సీటు వదలాలి, వదలకపోతే పార్లమెంటు సీటే ఖాళీ అవుతుంది. చాలామంది తిరగేసి అనుకుంటారు.

#20 హాసన రోడ్డు
ఆ ఖాళీకి జరిగిన రామనగర ఉప ఎన్నికలో జనతాదళ్ సినీ నటుడు అంబరీష్‌ని నిలబెట్టింది. ఢిల్లీలో ప్రధాని వాళ్లవాడు, బెంగళూరులో ముఖ్యమంత్రి జె.హెచ్. పటేల్ వాళ్లవాడు, అభ్యర్థి రెబెల్ స్టార్. గెలిచింది కాంగ్రెస్ సి.ఎం. లింగప్ప.